వీథిబడి పద్దు, పాఠశాల వాణిజ్యము



పదవ తరగతి ఫలితములు తెలియవచ్చు దినములలో మన గ్రామములందు ఇంటింట నొక యాలోచన సాగుచుండును. కుఱ్ఱవాడు గణితమున గట్టివాడైనచో నొక శాఖ, జీవశాస్త్రమున గట్టివాడైనచో వేఱొక శాఖ, రెంటను వెనుకబడినచో "వానిని సీ.ఈ.సీ.లో పడవేయుడు" అని తీర్పు. పౌరశాస్త్రము, అర్థశాస్త్రము, వాణిజ్యశాస్త్రము అను మూడింటి యింగ్లీషు పేర్ల తొలి యక్షరములు కూడి ఆ శాఖకు పేరైనవి. "పడవేయుట" అను మాట నేను కల్పించినది కాదు. అది వినబడని రచ్చబండ యరుదు. వర్తకవిద్య తెలివి తక్కువవానికి మిగిలిన యాశ్రయమనియు, షావుకార్ల బిడ్డలకు దక్క సేద్యగాని బిడ్డకు అక్కఱకు రానిదనియు మనలో ననేకుల నమ్మకము. ఇది తాతలనాటి నమ్మకమని మన మనుకొనుచున్నాము. కాని రెండువందల యేండ్ల క్రిందటి పెద్దలు దీనిని వినియున్నచో నవ్వియుందురు. ఏలయన, వారు కూర్చుండి చదివిన వీథియరుగు మీద సగము చదువు ఈ విద్యయే.

ఇది ఊహించి చెప్పుమాట కాదు. కాగితముల మీద నున్నది. 1822వ సంవత్సరము జూన్ నెలలో మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన రాజధానిలోని కలెక్టర్లందఱకు నొక యుత్తరువు పంపెను. మీ జిల్లాలో దేశీయపాఠశాల లెన్ని, చదువు పిల్ల లెందఱు, ఏయే కులములవారు, ఏమేమి చదువుచున్నారు, ఉపాధ్యాయునకు జీత మెట్లు ముట్టుచున్నది అని యాయన యడిగిన ప్రశ్నలు. మన్రో దత్తమండలములకు క్రొత్తవాడు కాడు. 1800 మొదలు 1807 వఱకు అక్కడ ప్రధానకలెక్టరుగా నుండి రైతువారీ పద్ధతిని నెలకొల్పినవాడు. ఊరి కరణము వ్రాసిన లెక్క యెంత సూక్ష్మముగా నుండునో యెఱిగినవాడు. జిల్లాల నుండి వచ్చిన జాబులను కూడి 1826వ సంవత్సరము మార్చి నెలలో ఆయన వ్రాసిన నివేదికను బట్టి, కోటి యిరువదియెనిమిది లక్షల జనము గల రాజధానిలో 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు నుండిరి.

ఆ జాబులలో మనకు మిక్కిలి యుపయోగించునది బళ్లారి కలెక్టరు కాంబెల్ దొర 1823లో పంపినది. ఈ కాంబెల్ తెలుగు వ్యాకరణము నింగ్లీషున రచించి 1816లో ప్రకటించినవాడు. కావున తాను చూచుచున్నది ఏమో తెలిసి వ్రాసెను. ఆయన జిల్లాలో 533 పాఠశాలలు. అందు తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. పిల్లవాడు మొదట ఇసుకలో వ్రేలితో నక్షరములు దిద్దును. పిదప గుణింతములు, అంకెలు, ఎక్కములు, నాణెముల లెక్క, తూనికలు, కొలతలు. ఇవి ముగిసినపిమ్మట జరుగు చదువు విశేషమైనది. ఉపాధ్యాయుడు నలుగురి వద్దనుండి రకరకముల చేవ్రాతలతో నున్న జాబులను సేకరించి తెచ్చి పిల్లలచే చదివించును. జాబు వ్రాయుట, ఒడంబడిక పత్రము చిత్తు కూర్చుట నేర్పును. కావ్యముల విషయమున మాత్రము కాంబెల్ నిర్దాక్షిణ్యముగా వ్రాసెను: పిల్లలు పద్యములను అర్థమెఱుగకయే వల్లించుచున్నారని. లెక్కను గుఱించి గాని, జాబులను గుఱించి గాని ఆయన ఆ మాట యనలేదు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుచు తమ చదువును గట్టిపఱచుకొను పద్ధతిని మెచ్చుకొని, దానిని ఇంగ్లండు అనుకరించుట తగినదేయని కూడ వ్రాసెను.

ఆ నాటి లెక్క యెట్టిదో ఒక్కమాట చెప్పవలెను. మీలో వృద్ధులైనవారు తాతల నోట వినియే యుందురు. వీసమనగా 16వ పాలు, అరవీసము 32వ పాలు, కాని యనగా 64వ పాలు. రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు గనుక రూపాయిలో వీసము అణా యగును, కాని పైస యగును. మణుగునకు 8 వీశలు. బెల్లము మణుగు నాలుగు రూపాయలన్నచో వీశ యర్ధరూపాయి, కాలువీశ రెండణాలు. దీనికి పలక యక్కఱలేదు, నోటిలో నున్న యెక్కమే చాలును. తూనికను, నాణెమును, భిన్నమును ఒకే మెట్లవరుసగా కట్టిన విద్య అది. సంస్కృతమున మహావీరాచార్యుడు 9వ శతాబ్దమున వ్రాసిన గణితమును పావులూరి మల్లన పద్యములుగా తెలుగు చేసెను. తెలుగున పుట్టిన తొలి శాస్త్రగ్రంథములలో అదియు నొకటి యగుట గమనింపదగినది.

పాతదంతయు బంగారమని చెప్పుటకు నేను పూనుకొనలేదు. కాంబెల్ లెక్కించిన 6,641 మంది విద్యార్థులలో బాలికలు 60 మంది. అది తొమ్మిది లక్షలకు మించిన జనము గల జిల్లా. అంటరానివారని దూరముంచిన కులముల బిడ్డలకు ఆ యరుగు చాలచోట్ల అందనేలేదు. లెక్క తెలిసినవాడు తెలియనివానిని మోసగించుట అప్పుడును కలదు. కాని బడికి వచ్చిన బిడ్డ కాపువాడైనను, నేతగాడైనను, కోమటియైనను పద్దు చదువకుండ, పత్రము వ్రాయకుండ బడి విడుచుట లేకుండెను. వర్తకము వేఱొక శాఖ కాదు, చదువులో భాగము.

ఆ బడులు ఏల సన్నగిల్లెను? కాంబెల్ తానే చెప్పెను: ఇంగ్లీషు మిల్లుబట్ట వచ్చి నేతగాండ్ర జీవనము చెడినది, తలిదండ్రులకు బడిజీతము ఇచ్చు శక్తి తగ్గినది అని. తన ప్రభుత్వమునకే యిట్లు వ్రాసిన యధికారి ధైర్యమును మెచ్చుకొనవలెను. తరువాతి కథ క్లుప్తముగా చెప్పుదును. 1835లో ఇంగ్లీషు చదువునకు ప్రభుత్వాదరణ దొరకెను. 1854లో చార్లెస్ వుడ్ పంపిన యుత్తరువులో జనసామాన్యమునకు జీవనోపయోగమైన జ్ఞానము నొసగవలెనని స్పష్టముగా వ్రాయబడెను గాని, 1857లో మదరాసున విశ్వవిద్యాలయము వెలసినతోడనే ఉన్నతపాఠశాల లన్నియు దాని ప్రవేశపరీక్ష వైపు మొగము త్రిప్పెను. పరీక్షలో నున్నదే చదువు. లేనిది చదువు కాదు. పత్రము వ్రాయుట, పద్దు కూర్చుట అను రెండును పరీక్షలో లేవు.

ఇట్లు బడినుండి వర్తకవిద్య తొలగిన కాలమే పల్లెకు కాగితముల బెడద హెచ్చిన కాలము. పన్ను రొక్కముగా కట్టవలెను, దానికై అప్పు, అప్పునకు పత్రము, పత్రమునకు కోర్టు. దీని ఫలము ఎట్లుండునో మన పొరుగున నున్న మహారాష్ట్రదేశమున 1875లో తేటపడెను. ఆ యేడు మే 12వ తేదిన పుణె జిల్లాలోని సూపా యను సంతగ్రామమున రైతులు గుమిగూడి షావుకార్ల యిండ్లమీద పడిరి. వారు ముఖ్యముగా కోరినది కాగితములు. అప్పుపత్రములను, లెక్కపుస్తకములను లాగి వీథిలో కాల్చిరి. ఈ యలజడి పొరుగు గ్రామములకును, అహమదునగరము జిల్లాకును ప్రాకెను. తాము చదువలేని కాగితమే తమ పొలమును మ్రింగుచున్నదని వారికి తెలియును. ఆ కాగితమున నేమి యున్నదో మాత్రము తెలియదు.

ఇందులో నొక చిక్కును మీరు శ్రద్ధగా వినవలెను. అది నేటికిని మన యిండ్లలో నున్నది. 1859లో ప్రభుత్వము కాలపరిమితి చట్టమొకటి చేసి, ఇట్టి అప్పుపత్రము మూడేండ్లకు మించి చెల్లదని విధించెను. వడ్డీ పేరుకొనకుండ రైతును కాపాడుట ఉద్దేశము. జరిగిన దేమి? మూడేండ్లు నిండకమునుపే షావుకారు పాత పత్రమును చింపి, అసలును వడ్డీని కలిపి క్రొత్త యసలుగా వ్రాయించుకొనెను. మన ఊళ్లలో ప్రోనోటు తిరుగవ్రాయుట యనునది ఇదియే. పదివేల రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చితి మనుకొందము. మూడేండ్లకు వడ్డీ 7,200, బాకీ 17,200. అప్పుడు నోటు తిరుగవ్రాసినచో తరువాతి మూడేండ్లును వడ్డీ 17,200 మీద నడచి 12,384 అగును. ఆఱేండ్ల చివర బాకీ 29,584. నోటు తిరుగవ్రాయక ఆఱేండ్లును తొలి యసలు మీదనే వడ్డీ కట్టియున్నచో 24,400. ఈ నడుమనున్న 5,184 రూపాయలు ఎవరును చేతికిచ్చినవి కావు, ఎవరును దొంగిలించినవియు కావు. ఒక సంతకమున పుట్టినవి. ఈ లెక్క యెనిమిదవ తరగతి బాలుడు వేయగలడు. కాని సంతకము చేయు సమయమున ప్రక్కన కూర్చుండి వేయవలెనని వానికి ఏ బడియు చెప్పదు.

1879లో దక్కను రైతుల కొఱకు చేసిన చట్టము వీథిలో కాలిన కాగితములకు జవాబు వంటిది. రైతు కట్టిన సొమ్మునకు షావుకారు రసీదు ఇయ్యవలెను. అడిగినచో లెక్క వ్రాసి చూపవలెను. పాసుపుస్తకమున పద్దు వేయవలెను. పత్రములు గ్రామ రిజిష్ట్రారు ఎదుట వ్రాయవలెను. మంచి చట్టమే. అయితే లెక్క చూపవలెనన్న హక్కు చట్టమువలన వచ్చును గాని, చూపిన లెక్కను చదువు కన్ను చట్టమువలన రాదు.

ఇక పాఠశాలల వైపు వత్తము. 1882లో హంటరు అధ్యక్షతను కూడిన విద్యాసంఘము ఉన్నతపాఠశాల పై తరగతులను రెండు పాయలుగా చీల్చుడని సూచించెను: ఒకటి విశ్వవిద్యాలయమునకు పోవువారికి, రెండవది వర్తకము మొదలగు లోకవ్యాపారములకు పోవువారికి. కాగితము మీద చక్కని యేర్పాటు. కాని తలిదండ్రులు రెండవ పాయకు బిడ్డలను పంపలేదు. వారిని తప్పుపట్టుట నాకిష్టము లేదు. సర్కారు కొలువు మొదటి పాయ చివరనే యుండెను. రెండవ పాయ చివర నేమున్నదో ఎవరును చూపలేదు. నేడు "పడవేయుడు" అను మాటకు వేరు ఇక్కడనే నాటుకొన్నదని నా తలంపు.

అయినను మదరాసు పట్టణమున నొక మంచి పని జరిగెను. పచ్చయప్ప మొదలారి ధర్మనిధిని నడుపు ధర్మకర్తలు 1886లో నొక వర్తకపాఠశాలను తెఱచిరి. ఇది మన దేశమున మొట్టమొదటిదని చెప్పుదురు. 1895లో కళ్లికోటలో ప్రభుత్వమువారి వర్తకపాఠశాల వచ్చెను. బొంబాయిలో 1913లో సిడెన్‌హామ్ కళాశాల వెలసి వర్తకవిద్యను కళాశాల మెట్టునకు చేర్చెను. ఈలోగా 1911 నుండి మదరాసు రాజధానిలో పాఠశాలాంతపరీక్షకు క్రొత్త పద్ధతి రాగా, అందు ఐచ్ఛికవిషయములలో జమాఖర్చు లెక్కలవంటి వర్తకవిద్యలకును చోటు దొరకెను.

అయితే తిరిగి వచ్చిన విద్య పోయిన విద్య కాదు. ఈ పాఠశాలలలో నేర్పినది ముఖ్యముగా టైపు, షార్టుహాండు, ఇంగ్లీషు వర్తకలేఖలు, ఇంగ్లీషు పద్ధతి లెక్కపుస్తకములు. పట్టణపు కంపెనీకి గుమాస్తా కావలెను. పాఠశాల గుమాస్తాను తయారుచేసి యిచ్చెను. వీథిబడి పిల్లవాడు తన యింటి పద్దు చదువుటకు నేర్చెను. వర్తకపాఠశాల పిల్లవాడు పరుల పద్దు వ్రాయుటకు నేర్చెను. ఆ గుమాస్తా జీతముతో ఎన్ని కుటుంబములు గట్టెక్కినవో నేనెఱుగుదును, తీసివేయుట లేదు. పల్లెలో మిగిలినవానికి మాత్రము అందువలన నేమియు దక్కలేదు.

ఇంగ్లీషు పద్ధతి యనుచున్నాను గాని, అది ఇంగ్లీషువారిది కాదు. 1494లో వెనీసు నగరమున లూకా పాచోలీ యను క్రైస్తవ సన్యాసి ఒక గణితగ్రంథమును అచ్చువేయించుచు, అందు వెనీసు వర్తకుల లెక్కపద్ధతిని వివరించెను. తాను కనిపెట్టితినని చెప్పుకొనలేదు. ప్రతి వ్యవహారమును రెండుచోట్ల వ్రాయవలెననుట అందలి మర్మము: ఒకచోట వచ్చినది, ఒకచోట పోయినది. చివర రెండు మొత్తములును సరిపోవలెను. సరిపోనిచో ఎక్కడనో తప్పు దొరలినది. మన షావుకార్లకు చిట్ఠా, ఆవర్జా యను రెండు పుస్తకము లుండెను. ఏ దినమున జరిగినది ఆ దినమే చిట్ఠాలో పడును. పిదప ఎవరి పద్దు వారి పేర ఆవర్జాలోనికి పోవును. జమ, ఖర్చు, నిలువ, బాకీ యను మాటలు చదువురాని రైతు నోటను ఆడుచునే యున్నవి. అట్లుండగా పాఠ్యగ్రంథములు "డెబిట్", "క్రెడిట్" అని మొదలుపెట్టి బాలుని భయపెట్టుట యేల యని నాకు చిరకాలముగా సందేహము. ఖర్చు, జమ యని మొదలుపెట్టి, ఇవియే పరభాషలో ఇట్లు పిలువబడునని చెప్పినచో, పల్లెబాలుడు సగము దూరము ముందే నడచియుండును.

1904లో సహకారసంఘముల చట్టము వచ్చినప్పుడు పల్లెకు మరల నొక యవకాశము కలిగెను. చెంగల్పట్టు జిల్లాలోని తిరూరులో ఆ యేడే సంఘము వెలసెను. పిదప మన జిల్లాలందును అనేకము వచ్చెను. తక్కువ వడ్డీకి అప్పు, అందఱు జవాబుదారులు, లెక్క అందఱి యెదుట. కాని సంఘము నిలుచుటయు కూలుటయు పుస్తకము వ్రాయువాని మీద నుండెను. పుస్తకము నొక్కడే వ్రాసి, అతడొక్కడే చదువగల యూళ్లలో, షావుకారు పోయి కార్యదర్శి వచ్చెను. రైతు ఉన్నచోటనే యుండెను.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1952లో నియమింపబడి 1953లో నివేదిక నిచ్చిన లక్ష్మణస్వామి మొదలారి సంఘము, ఉన్నతపాఠశాలలో ఏడు శాఖల నేర్పఱుపవలెనని సూచించెను. అందు వర్తకము ఒకటి, వ్యవసాయమొకటి. బహుళార్థసాధక పాఠశాలలన్న పేరు మీకు జ్ఞాపకముండవచ్చును. పదునాలుగు, పదునైదేండ్ల బాలుడు జమాఖర్చులను, వర్తకభూగోళమును చదువ వచ్చునని ప్రభుత్వమువారు అంగీకరించిన కాలమది. 1957 ఏప్రిలు 1వ తేదిన రూపాయి నూఱు నయాపైసలుగా మాఱెను. వీసము, కాని యెక్కములు బడినుండి సెలవు తీసికొనెను. అది మంచిదే, దశాంశలెక్క సుళువు. ఎక్కము పోయినను దాని వెనుకనున్న యలవాటు, అనగా బేరమునకు ముందు నోట లెక్క వేసికొనుట, పోకుండవలసినది.

1964 మొదలు 1966 వఱకు పనిచేసిన కొఠారి సంఘము వేఱొక త్రోవ చూపెను: పదేండ్లు అందఱకును ఒకే సామాన్యవిద్య, శాఖలు ఆ తరువాత. చిన్ననాడే బాలుని నొసట వ్రాత వ్రాయరాదన్న వారి యభిప్రాయము న్యాయమైనదే. 1971లో ఆంధ్రప్రదేశమున ఇంటర్మీడియేట్ విద్యామండలి యేర్పడగా, వాణిజ్యశాస్త్రము పదవ తరగతి దాటి ఆ మెట్టెక్కి కూర్చుండెను. ఫలితముగా, పదవ తరగతితో చదువు చాలించు బిడ్డకు ఆ శాస్త్రపు మొగమే కనబడలేదు. పై మెట్టెక్కినవారిలోను తొలి రెండు శాఖలలో చోటు దొరకినవారు దాని దెస చూడరు. ఒకప్పుడు అరుగెక్కిన ప్రతి బిడ్డకును చెప్పిన విద్య, ఇట్లు కొందఱి విద్యయై, ఆ కొందఱును చులకనయైరి.

ఇంతవఱకు బడుల మాట చెప్పితిని. బడి వెలుపల, ఎవరును పాఠ్యప్రణాళిక వ్రాయనిచోట, ఈ విద్య తిరిగి మొలచిన తావొకటి కలదు. మన పల్లెలలోని స్త్రీల పొదుపు సంఘములను మీరందఱు చూచుచున్నారు. వానికి పంచసూత్రములను విధించిరి: క్రమముగా కూడుట, క్రమముగా పొదుపు చేయుట, ఆ సొమ్మును తమలో తాము అప్పిచ్చుకొనుట, అప్పును గడువునకు తీర్చుట, అయిదవది లెక్కపుస్తకములను ఎప్పటికప్పుడు వ్రాసియుంచుట. బళ్లారి జాబులోని ఆ 60 మంది బాలికలను తలచుకొన్నప్పుడు ఈ యయిదవ సూత్రము నాకు మిక్కిలి విలువైనదిగా తోచును. ఆ పుస్తకమును పట్టుకొనునది తఱచుగా పదవ తరగతియో ఇంటర్మీడియేటో చదివి ఆ వాడకు కాపురమునకు వచ్చిన కోడలు. చాపమీద కూర్చుండి ఎవరెంత కట్టిరో, ఎవరి బాకీ యెంత నిలిచెనో, వడ్డీ యెంత పడెనో ఒక్కొక్క పేరే పైకి చదువును. అక్షరము రాని ముదుసలి గోడకు జారగిలబడి కునుకుచున్నట్లుండును గాని, తన పేరు వచ్చినప్పుడు కన్ను తెఱచి, "మొన్న శనివారము కట్టిన నూఱు ఏదమ్మా?" అని యడుగును. కోడలు వెనుకటి పుట త్రిప్పి, ఆ పద్దు మీద వ్రేలుంచి చూపును.